సాంచాల చప్పుడులో సర్వప్ప

సర్వప్ప కాలిందో లేదో చెవితో తెలుసుకోవాలని మా అమ్మ నాకు నేర్పింది. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, ఉల్లాకు, దంచిన ఎల్లిపాయ, కారం కలిపి, ముద్దను సర్వ అనే ఇత్తడి గిన్నె లోపలి గోడకు పలచగా ఒత్తాలి. వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె పోసి, మూత వేసి పొయ్యి మీద పెట్టాలి. నూనె చుయ్యిమంటున్నంత సేపూ పచ్చిగా ఉన్నట్టు. ఆ చప్పుడు సన్నబడి చిటపటమంటే దించేయాలి. కోరుట్లలో మా అమ్మ బీడీలు చుట్టేది. బీడీలు చుట్టే ఇంట్లో చప్పుడేముంటుంది? నూనె చిటపట వరండాలో కూర్చున్నవాళ్లకు కూడా వినబడేది.

పెళ్లయి సిరిసిల్ల వచ్చాక నా చెవులు పనికిరాకుండా పోయాయి. అత్తగారింట్లో ముందు గది నిండా సాంచాలు. మరమగ్గాలను అక్కడ అలాగే అంటారు. పొద్దున మొదలైతే ఇల్లంతా దడదడ. నేను పెట్టిన మొదటి సర్వప్ప మాడింది. రెండోదీ మాడింది. మా అత్తమ్మ ఆ మాడిన ముక్కనే కరకరా నములుతూ, "కోరుట్ల సర్వప్ప నల్లగుంటదా బిడ్డా?" అని అడిగేది. నాకు ఒళ్లు మండేది, నవ్వూ వచ్చేది. ఆమెది ఎప్పుడూ మాడదు. ఎలాగని అడగడానికి నా పంతం ఒప్పుకోలేదు.

అమ్మతో ఫోన్లో మాట్లాడాలంటే అరవాలి. నా అరుపులు విని విని అమ్మకు బెంగ పట్టుకుంది. ఆ మోతలో నేనెలా బతుకుతానని, జగిత్యాలలో మాకోసం ఒక అద్దె గది మాట్లాడి, అల్లుణ్ని ఒప్పించడానికి బయల్దేరి వచ్చింది. నాకేమో వెళ్లాలని లేదు. ఆ ఇల్లు, అత్తమ్మ ఎగతాళి నాకు ఎప్పుడో ఇష్టమైపోయాయి. చెబితే అమ్మ నమ్మదు. ఒక్క మంచి సర్వప్ప తినిపిస్తే నమ్ముతుందనుకున్నాను.

అమ్మ వచ్చీ రాగానే నా చేతిలోని సర్వ లాక్కుంది. "జరుగు, నేను జేస్త. నువ్వు మర్సిపోయినవ్."

పొయ్యి దగ్గర చెవి వాల్చి నిలబడింది. తల అటు వంచింది, ఇటు వంచింది. సాంచాల మోత తప్ప ఏమీ వినబడక, ఇంకా కాలలేదేమోనని ఇంకాస్త ఆగింది. మూత తీసేసరికి వంటిల్లంతా పొగ.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ నవ్వు ఆగలేదు. "వదినా, తప్పు మీ బిడ్డది గాదు, మీ ఊరిది!"

అమ్మ ముందు ముఖం ముడుచుకుంది. తర్వాత తనూ పకపకా నవ్వింది. "మరి మీకెట్ల ఎర్కయితది వదినా?" నేను ఏడాదిగా మింగేసిన ప్రశ్న అమ్మ నోట అంత తేలిగ్గా వచ్చేసింది.

"మూత జూడాలె. లోపట చెమట పట్టినంత సేపు పచ్చి. చెమట ఆరిందంటే అయినట్టే. నా పెండ్లయిన కొత్తల మా అత్త జెప్పింది."

సర్వను బోర్లించి నీళ్లు చల్లి చల్లార్చి, ఈసారి నేను ఒత్తాను. మధ్యమధ్య మూత ఎత్తి చూస్తూ, చుక్కలు ఆరిపోగానే దించాను. అంచులు లేచి, ఎర్రగా, విరగకుండా ఊడి వచ్చింది. గంతులేయాలనిపించింది.

అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఆమె నమిలి, ఇంకో ముక్క తీసుకుని, నా చెవి దగ్గరికొచ్చి అరిచింది. "గిది నా చెయ్యి గాదు బిడ్డా. మీ అత్త చెయ్యి."

ముఖం నిండా సంతోషమే, కళ్లలో మాత్రం నీళ్లు. పొగ వల్ల అనుకుందామంటే పొగ ఎప్పుడో పోయింది. నాకూ ఏడుపొచ్చింది, హాయిగా.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, జగిత్యాల గది ఇంటావిడకు అక్కడి నుంచే ఫోన్ చేసింది.

"రూము వద్దమ్మా, వేరేటోళ్లకియ్యుండ్రి... ఆఁ? గీ చప్పుడేందంటరా? మా బిడ్డ ఇల్లు!"