దుంప తెగిన పాట

ఇవాళ పొద్దున పోపు వేస్తుంటే వంటింటి అలమరలో స్టీలు గ్లాసులు సన్నగా మోగాయి. భూకంపం కాదు. మా వీధి మలుపులో టాక్సీ ఆగింది. ఇక్కడ టాక్సీ అంటే కారు కాదు, పదిహేను మందిని కుక్కుకుని పోయే తెల్ల వ్యాను. సీట్ల కింద దాచిన స్పీకరులోంచి దరువు నేలలో పాకి, గోడ ఎక్కి, మా గ్లాసుల్ని పట్టుకుంది. పాట మాటలు వినబడలేదు, వినబడాల్సిన పనీ లేదు. ఆ దరువుకి ఏ గ్లాసు ముందు మోగుతుందో కూడా నాకు తెలుసు. అది కెవిన్ పాట. కెవిన్ పోయి మూడేళ్ళయినా పీటర్‌మారిట్జ్‌బర్గ్ టాక్సీవాళ్ళు అతన్ని ఇంకా వదిలిపెట్టలేదు.

మేము ఈ ఊరికి వచ్చింది నల్లవాళ్ళకి ఓటు వచ్చి దేశంలో కొత్త ప్రభుత్వం ఏర్పడిన రెండేళ్ళకి. మా ఆయనకి రోడ్ల శాఖలో ఇంజనీరు ఉద్యోగం. నాకు విశాఖలో చదివిన ఎం.ఏ. ఉంది గానీ, నా వీసా మీద భర్తపై ఆధారపడిన మనిషినని ముద్ర కొట్టారు. అంటే ఉద్యోగం చెయ్యకూడదు. నార్త్‌డేల్‌లో అంటే మనవాళ్ళు ఎక్కువగా ఉండే పేటలో, ఇల్లు అద్దెకి తీసుకున్నాం. మొదటివారం కూరలకి వెళ్తూ కరెంటు స్తంభం మీద ఒక పోస్టరు చూశాను. నల్ల కళ్ళద్దాలు, మెడలో లావుపాటి గొలుసు, చేతులు కట్టుకుని నిలబడ్డ మన పోలికల కుర్రాడు. కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాల్లో అతని పేరు: దుంప. నడిరోడ్డు మీద ఒక్కదాన్నే పకపకా నవ్వాను. పాటగాడన్నవాడు పులి అనో సింహమనో పేరు పెట్టుకుంటాడు గానీ, కందలా పెండలంలా దుంప అని పెట్టుకుంటాడా?

అతను మా పక్కింటివాడేనని సాయంత్రానికి తెలిసింది. గేటు దగ్గర నిలబడి, "వాట్ కైండ్, అక్కా?" అన్నాడు. ఏ రకం అని అడుగుతున్నాడనుకుని, "మా ఆయన ఇంజనీరండీ," అన్నాను. అతను పొట్ట పట్టుకుని నవ్వాడు. ఎలా ఉన్నారని ఇక్కడి మనవాళ్ళు అలా పలకరిస్తారట. ఆ విధంగా ఒకే రోజు నేను అతని పేరుకి నవ్వితే, అతను నా జవాబుకి నవ్వి బాకీ తీర్చుకున్నాడు.

పేరు కెవిన్. చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వచ్చిన ముత్తాత పేరు అప్పలసామి ఆ ఇంటికి ఇంటిపేరుగా మిగిలిపోయింది. తెలుగు మాత్రం మిగల్లేదు. అవ్వ, తాత, అక్క, పులుసు, పచ్చడి, నాలుగు దేవుడి మాటలు, ఓ పాతిక తిట్లు, అంతే. మిగతాదంతా ఇంగ్లీషు, మధ్యలో ఇక్కడి నల్లవాళ్ళ జులూ. ఇక్కడ అతని మాటల్ని నేనే తెలుగు చేసి రాస్తున్నాను.

ఉద్యోగం లేని ఆడదానికి ఊరి సంగతులన్నీ కావాలి. నాకైతే ఒక్క సంగతే కావాలి: ఇతనికి ఇంత డబ్బు ఎక్కడిది? రెండంతస్తుల ఇల్లు, రెండు కార్లు, ఒక లారీ. పైగా చేసే పనేమిటంటే ర్యాప్, అంటే రాగం తియ్యకుండా ప్రాసలు కలిపి మాటల్ని దరువు మీద గబగబా దొర్లించడం. దానికి ఇంత ఇస్తారా? ఎదురింటి ఆంటీని కదిలిస్తే, మత్తుమందులన్నది. మర్నాడు, ఎవరో మంత్రిగారి సొమ్మన్నది. మూడోరోజుకి జొహానెస్‌బర్గ్ బంగారం దాకా వెళ్ళింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఆంటీ నోట మాత్రం నిప్పుతో పని లేకుండానే వచ్చేది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఒకరోజు గోడ మీదుగా అతన్నే అడిగేశాను. "తప్పుగా అనుకోకు కెవిన్, నీకు డబ్బు ఎలా వస్తుంది?"

అతను తప్పుగా అనుకోలేదు. "ఈ దేశంలో నన్ను మొహం మీద అడిగిన మొదటి మనిషివి నువ్వే, అక్కా. రా, చూపిస్తా," అని షెడ్డు తలుపు ఎత్తాడు. లోపల బంగారమూ లేదు, మత్తుమందూ లేదు. నేల నుంచి కప్పు దాకా నల్లటి స్పీకరు పెట్టెలు.

తాత పాత రేడియో విప్పి చేసిన ఒక్క పెట్టెతో మొదలైందట. పెళ్ళిళ్ళకి, చావులకి, కావడి ఉత్సవాలకి అద్దెకిచ్చేవాడు. అందరికీ ఓటున్న మొదటి ఎన్నికలొచ్చాయి. అన్ని పార్టీలకీ మైకులు కావాలి, అన్ని పార్టీలకీ ఇతనే ఇచ్చాడు. పొద్దున ఒక జెండా కింద, సాయంత్రం ఇంకో జెండా కింద. నాయకులు ఆలస్యంగా వచ్చేవారు. వచ్చేదాకా జనం లేచిపోకుండా మైకు పరీక్షిస్తున్నట్టు నటిస్తూ ఏదో ఒకటి వాగేవాడు. ఆ వాగుడికి ప్రాస కలిసింది, ప్రాసకి దరువు కలిసింది. కొన్నాళ్ళకి జనం నాయకుడు రాగానే లేచి వెళ్ళడం మొదలుపెట్టారట.

"పాటలు క్యాసెట్లు చేసి టాక్సీవాళ్ళకి ఊరికే పంచాను," అన్నాడు. "ఎస్ట్‌కోర్ట్ నుంచి పోర్ట్ షెప్‌స్టోన్ దాకా నా రేడియో స్టేషన్లు వాళ్ళే. పెద్ద కంపెనీలొచ్చి, ఇంత ఇస్తాం, పాట మాకు రాసిచ్చెయ్ అన్నాయి. ఇవ్వలేదు. స్పీకరు అమ్మితే ఒక్కసారే డబ్బు. అద్దెకిస్తే మళ్ళీ ఇంటికొస్తుంది. పాట కూడా అంతే, అక్కా. వాడుకో, అద్దె కట్టు, తిరిగి తెచ్చి పెట్టు."

నేను అనుకున్నదానికంటే ఈ జవాబు చాలా చప్పగా ఉంది. కానీ ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతూ ఎంతసేపు ఆలోచించానో నాకే తెలియదు. నా ఎం.ఏ.ని నేను అమ్మనూ లేదు, అద్దెకీ ఇవ్వలేదు, అటక మీద పెట్టాను.

పేరు సంగతి మాత్రం అడగలేదు. అతనే తెచ్చాడు. పాటని ఎక్కడ ఎవరు వాడినా అద్దె రావాలంటే పాటగాళ్ళ సంఘంలో నమోదు చేయించాలి. ఫారంలో ప్రతి మాటకీ ఇంగ్లీషు అర్థం రాయాలి. ఇంగ్లీషు, జులూ అతనే నింపాడు. అతనికి ఇల్లూ పేరూ తెచ్చిపెట్టిన పాటలో పల్లవి మాత్రం తెలుగు: "నీ దుంప తెగ, నీ దుంప తెగ."

"ఇది మా అవ్వ మాట, అక్కా," అన్నాడు. అవ్వ పేరు సింహాచలమ్మ. తల్లి లేని ఇతన్ని పెంచింది ఆవిడే. "ఎన్నికల ముందు ఈ లోయల్లో రోజూ పార్టీల మధ్య కాల్పులే. ఆ రోజు సభకి స్పీకర్లు తీసుకెళ్తుంటే అవ్వ వెళ్ళొద్దంది. నేను వినలేదు. గుమ్మంలో నిలబడి ఈ మాట అంది. అక్కడ కాల్పులు మొదలయ్యాయి. లారీ కింద పడుకుని బతికాను. దారులు మూసేశారు, మూడు రోజుల తరవాత ఇల్లు చేరాను. అప్పటికే అవ్వకి పక్షవాతం, మాట పడిపోయింది. వారానికి పోయింది. నాతో ఆవిడ అన్న ఆఖరి మాట ఇదే. పెద్దవాళ్ళు బయటికెళ్ళేవాళ్ళకి చెప్పే దీవెనని మా నాన్న చెప్పాడు. కరెక్ట్ అర్థం నువ్వు రాసిపెట్టు."

కలం నా చేతిలో ఉంది. అతను నా మొహంలోకే చూస్తున్నాడు. 'నిండు నూరేళ్ళు బతుకు' అని ఇంగ్లీషులో రాసిచ్చాను. అతను చదువుకుని, కాగితాన్ని కళ్ళకద్దుకుని వెళ్ళిపోయాడు. పుణ్యం చేశాననే అనుకున్నాను ఆ పూట.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది ఊరికే పుట్టలేదు. ఫారం ఇంకా పంపకముందే, మన దేశం నుంచి వచ్చిన ఒక పెద్దాయన హాల్లో ఉపన్యాసం ఇచ్చి బయటికొచ్చి పోస్టరు చూసి, టాక్సీలోంచి పల్లవి విని, తిట్టుని పేరుగా పెట్టుకున్న ఈ అబ్బాయెవరని పదిమందిలో ఇంగ్లీషులో అడిగి నవ్వాడు. కెవిన్ ఆ పదిమందిలో ఉన్నాడు.

ఆ సాయంత్రం అతను గేటు దగ్గర "వాట్ కైండ్" అనలేదు. తిన్నగా వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. "అవ్వ నన్ను శపించిందా, అక్కా?"

 ఇక దాచలేక ఉన్నదున్నట్టు చెప్పాను. దుంప అంటే నేలలో పెరిగేది, బంగాళాదుంప లాంటిదని. తెగ అంటే తెగిపోవాలని. నీ వేరు తెగిపోవాలన్నట్టు వస్తుందని.

"మరి నూరేళ్ళు అని ఎందుకు రాశావు?"

"నువ్వు బాధపడతావని."

"ఎయిష్!" అన్నాడు. అతను కోపంగా మాట్లాడడం నేను విన్నది ఆ ఒక్కసారే. "నా దగ్గర అవ్వది ఫోటో కూడా సరైనది లేదు. ఉన్నది ఆ ఒక్క మాట. దాన్ని మార్చడానికి నువ్వెవరు? తిట్టే అయితే తిట్టే ఇవ్వు నాకు. అది నాది."

చెంప మీద కొట్టినా నాకు అంత సిగ్గు వేసేది కాదు. అతను మెట్టు దిగబోతుంటే, ఏం చెప్పాలో తెలియక, నోటికొచ్చింది అడిగాను. "ఆ మాట అన్నప్పుడు అవ్వ చేతిలో ఏముంది?"

"అంటే?"

"గుమ్మంలో నిలబడి తిట్టింది కదా. చేతులు ఖాళీగా ఉన్నాయా?"

 "లేదు. ఐస్‌క్రీమ్ డబ్బా." ఇక్కడ ఐస్‌క్రీమ్ అయిపోయాక డబ్బాని ఎవరూ పారెయ్యరు, కూరలు కట్టివ్వడానికి అదే. "అన్నం, చేప పులుసు. లారీ కదిలేలోగా వచ్చి కిటికీలోంచి నా ఒళ్ళోకి తోసింది. లారీ కింద పడుకుని అదే తిన్నాను."

"వెళ్ళొద్దన్న మనిషి, తిడుతూ, పులుసు కట్టిచ్చిందా?"

"యా."

"అయితే విను. మా వైపు ఈ మాట శత్రువుని అనరు. శత్రువుకి వేరే తిట్లున్నాయి, అవి నీకు నేర్పను. ఇది అన్నం పెట్టే చెయ్యే అంటుంది. నేను ఇక్కడికి విమానం ఎక్కుతుంటే మా అమ్మ కూడా నన్ను ఇదే అంది, నీ దుంప తెగ, ఉత్తరం రాయకపోయావో చూడు అని."

అతను వరండా మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. మూడేళ్ళుగా ఆగిన ఏడుపు అది. నేను లోపలికి వెళ్ళి కాఫీ పెట్టి తెచ్చేసరికి మొహం తుడుచుకుని, మామూలు గొంతుతో, "బంగాళాదుంపా? ఇన్నాళ్ళూ నేను పొటాటోనా?" అన్నాడు. టాక్సీవాళ్ళకి అది పొటాటో కాదట. జులూలో 'దుమా' అంటే ఉరమడం, పేరు మోగిపోవడం. వాళ్ళు దాన్నే విన్నారట. ఒక ముసలమ్మ తిట్టు ఇంత దూరం వెళ్ళిందని ఇద్దరం నవ్వాం. ఆ సాయంత్రం నుంచి అతను నాకు 'వాడు' అయ్యాడు.

ఫారం మళ్ళీ రాశాం. నీ దుంప తెగిపోవాలి, అని రాసి, కింద ఇంకో వాక్యం చేర్చమన్నాడు: బయటికి వెళ్తున్న మనవడికి అవ్వ అన్నం డబ్బా ఇస్తూ అన్నది. రచయిత దగ్గర తన పేరు పక్కన సింహాచలమ్మ పేరు రాశాడు. అనువాదం దగ్గర నా పేరు. నేను వద్దన్నాను. "మాట నీది, నెల జీతం తీసుకోవడం లేదుగా, వీసా ఆఫీసువాళ్ళు ఏం చేస్తారు? పేరు పెట్టు," అన్నాడు. ఈ దేశంలో నా పేరు 'ఆధారపడిన' అన్న ముక్క లేకుండా అచ్చులో కనబడిన మొదటి కాగితం అదే.

తరవాతి కథ ఎదురింటి ఆంటీ కూడా కల్పించలేనిది. బంగాళాదుంప చిప్స్ చేసే కంపెనీ ఒకటి ఆ పల్లవి అర్థం విని పరుగెత్తుకొచ్చింది. దుంప తెగితేనే కదా చిప్స్ అయ్యేది! పాట కొనేస్తామన్నారు. అమ్మనన్నాడు వాడు, ఏడాదికోసారి అద్దె. ఆ అద్దె వాడు పోయాక ఇప్పటికీ వాడి పిల్లలకి వస్తోంది. వాడి ఐశ్వర్యపు రహస్యం నేనంత వెతికితే, చివరికి దాని వేరు ఒక తిట్టులో దొరికింది.

ఆ తరవాత పాటల పర్యటనకి వెళ్ళే ప్రతిసారీ మా గేటు ముందు కారు ఆపి, నేను బయటికొచ్చి ఆ మాట అనేదాకా హారను కొట్టేవాడు. వీధంతా కిటికీలు తెరుచుకునేవి. నాకు పని చేసే అనుమతి వచ్చాక, వాడు తరిమితేనే వెళ్ళి దుబాసి పరీక్ష రాశాను. ఇరవై ఏళ్ళుగా కోర్టుల్లో, ఆసుపత్రుల్లో మనవాళ్ళ మాటలు ఇంగ్లీషులోకి చెబుతున్నాను. చేదు మాటని చేదుగానే చెబుతాను, తీపి కలపను. కానీ ముందు అడుగుతాను, ఎవరు ఎవరితో అన్నారు, అప్పుడు చేతిలో ఏముంది అని. జడ్జీలు మొదట విసుక్కున్నారు, ఇప్పుడు వాళ్ళే ఆగుతున్నారు.

వాడికి గుండె ఆపరేషన్ చేసే రోజు ఆసుపత్రికి వెళ్ళాను. మంచం కదిలిస్తుంటే, "ధైర్యంగా వెళ్ళిరా నాయనా," అన్నాను. వాడు ముక్కు మీది గొట్టం పక్కకి జరిపి, "అది కాదక్కా," అన్నాడు. నర్సులు చూస్తుండగా అన్నాను. మాట సరిగ్గానే వచ్చింది. నా చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది, లేచాక తింటాడని. ఆ డబ్బా మూత తియ్యకుండానే నాతో ఇంటికి తిరిగొచ్చింది.

ఇవాళ టాక్సీ వెళ్ళిపోయి గ్లాసులు ఊరుకునేసరికి మా అమ్మాయి కాలేజీకి బయల్దేరింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు దానికీ అంతంతమాత్రమే. బయట మబ్బు పట్టి ఉంది. టిఫిను డబ్బా చేతికిస్తూ, "నీ దుంప తెగ, గొడుగేదే?" అన్నాను. అది నా బుగ్గ మీద ముద్దు పెట్టి, "సేమ్ టు యూ, మా," అని పరుగెత్తింది. నేను సరిదిద్దలేదు. డబ్బా తీసుకెళ్ళింది, గొడుగు మాత్రం కుర్చీ మీదే ఉంది.