బాడుగ ఇచ్చినామె ఉత్తగా ఎక్కిందట

రిటైరవడానికి మూడేళ్ల ముందు నన్ను మదనపల్లె బ్రాంచికి డిప్యూటీ మేనేజరుగా వేశారు. పేరుకు మేనేజరునే గానీ నా పనంతా థర్డ్ పార్టీ క్లెయిములే. మా దగ్గర బీమా ఉన్న బండి వల్ల గాయపడినవాళ్లు ట్రిబ్యునల్లో వేసే కేసులకు కంపెనీ తరఫున జవాబు చెప్పుకోవడం. న్యాయంగా ఇవ్వాల్సింది ఇవ్వడం కూడా ఆ పనిలో భాగమే. ఈ రెండో సంగతి మా పైవాళ్లకు ఎప్పుడూ గుర్తుండేది కాదు.

నేను చేరిన ఏడాదే, టమాటా మార్కెట్టు జోరుగా ఉన్న రోజుల్లో, పుంగనూరు నుంచి మదనపల్లె వచ్చే దారిలో ఒక మలుపు దగ్గర మూడు బండ్లు గుద్దుకున్నాయి. టమాటా లోడుతో వస్తున్న గూడ్సు వ్యాను, ముందు వెళ్తున్న ట్రాక్టరును దాటబోయి ఎదురుగా వచ్చిన లారీని గుద్దింది. వెనక వస్తున్న కారు అదుపు తప్పి వ్యాను మీదికి దూసుకొచ్చింది. తప్పు వ్యాను డ్రైవరుదేనని పోలీసులు ఛార్జిషీటు వేశారు. ఆ వ్యానుకు బీమా మాది.

కారులో ఉన్నది భార్యాభర్తలు. ఆయనకు మణికట్టు విరిగింది, ఆమెకు నుదుటి మీద కుట్లు పడ్డాయి. వాళ్ల కేసులు లోక్ అదాలత్‌లో ఒక్క పూటలో రాజీ అయిపోయాయి. వ్యానులో డ్రైవరు పక్కన కూర్చున్న గంగులమ్మకు మాత్రం కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. ఆమెది రామసముద్రం మండలంలో ఒక పల్లె. భర్త లేడు. కౌలుకు తీసుకున్న చేనులో తానే టమాటా పండించుకునేది. కృత్రిమ కాలు పెట్టించుకుంటేనే మళ్లీ చేనులోకి దిగగలదు. దానికి మా దగ్గర్నుంచి రావాల్సిన పరిహారమే దిక్కు. ఆ క్లెయిముకే మేము అడ్డం పడ్డాం.

గూడ్సు బండిలో సరుకు యజమాని తన సరుకుతో పాటు ప్రయాణిస్తే పాలసీ వర్తిస్తుంది. దారిలో ఊరికే ఎక్కినవాళ్లకు వర్తించదు. కంపెనీ పంపిన ఇన్వెస్టిగేటరు ఈ ప్రాంతానికి కొత్త. ప్రమాద స్థలం ఫోటోల్లో క్రేట్లన్నిటి మీదా ఒక మండీ పేరు, అంటే కమీషన్ మీద టమాటా వేలం వేసే దుకాణం పేరు, ఉందని చూశాడు. సరుకు మండీది, గంగులమ్మ ఉచిత ప్రయాణికురాలు అని రాసిపారేశాడు. దాని ఆధారంగా మా వకీలు కౌంటరు తయారుచేశాడు. కౌంటరు అంటే కోర్టుకు మేమిచ్చే జవాబు. దాని కింద సంతకం పెట్టింది నేనే. ఫోటోల్లో కొన్ని క్రేట్లకు పసుపుపచ్చ గుడ్డపేలికలు కట్టి ఉన్నాయి. అవేమిటని కూడా అనుకోలేదు.

కౌంటరు వేసిన వారానికి, గాయాల సర్టిఫికెట్టు సరిచూసుకోవడానికి కుప్పంలో ఆమెకు వైద్యం చేసిన ఆసుపత్రికి వెళ్లాను. గంగులమ్మ ఆ రోజు కట్టు మార్పించుకోవడానికి వచ్చి బల్ల మీద కూర్చుని ఉంది. ఫలానా కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే మొహం మీదే అడిగింది.

"నేను ఉత్తగా బండెక్కినా అని రాసినారంట గదా సార్. ఉత్తగా యాల ఎక్కుతాను? ఆ బండికి బాడుగ ఇచ్చిందే నేను."

క్రేట్ల మీద మండీ పేరుంది కదా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"కాళీ క్రేట్లు మండీవోళ్లే ఇస్తారు సార్. నింపుకోని తోలుకపోయేది మేము. పక్క చేనోళ్లవి కూడా అదే బండిలో ఉండాయి, కలిసిపోకుండా నా పసుపు చీర చించి నావాటికి కట్టినా. ఈడ యాపొద్దూ చేసేదే గదా!"

నాకు తల కొట్టేసినట్టయింది. మదనపల్లెలో కాపురముంటూ, రోజూ టమాటా తింటూ, ఊళ్లోని మార్కెట్టు యార్డులో సరుకు ఎలా దిగుతుందో ఒక్కసారైనా వెళ్లి చూసిన పాపాన పోలేదు.

మర్నాడు పొద్దున్నే యార్డుకు వెళ్లాను. ఎక్కడ చూసినా మండీల పేర్లున్న క్రేట్లే, వాటికి రైతులు కట్టిన రంగురంగుల పేలికలే. కౌంటరు వెనక్కి తీసుకుందామని పైఆఫీసుకు నోట్ రాశాను. అక్కడి చీఫ్ మేనేజరు ఫోను చేసి, ఒకసారి వేసిన కౌంటరు వెనక్కి తీసుకుంటే ఆడిట్ వాళ్లు పీక్కుతింటారని, ఆవిడకు అంత హక్కుంటే కోర్టులో తేల్చుకుంటుందని అన్నారు. ఒంటికాలి మనిషి పల్లె నుంచి బస్సులు మారి వాయిదాలకు తిరగాలి. ఆయనకు ఆడిట్ భయం! నాకు ఒళ్లు మండింది. కానీ కౌంటరు వెనక్కి తీసుకునే అధికారం నాకు లేదు.

వాయిదాల మీద వాయిదాలు పడి ఎట్టకేలకు విచారణకు వచ్చింది. మా వకీలు అదే పాట అందుకున్నాడు. క్రేట్లు మండీవైతే సరుకు నీదెలా అవుతుందన్నాడు. చంకకర్రల మీద నిలబడ్డ గంగులమ్మ తడుముకోలేదు.

"డెయిరోళ్ల క్యానులో పాలు పోస్తే ఆవు డెయిరోళ్లదైపోతాదా సార్?"

తర్వాత కంపెనీ సాక్షిగా నన్ను బోనెక్కించారు. కౌంటరు మీద సంతకం పెట్టిన అధికారే సాక్ష్యం చెప్పడం మామూలే. ఆ ఫోటో చూపించి, ఈ కాయలు ఎవరివని ఆమె వకీలు అడిగాడు. క్రేట్లు మండీవి, పసుపు పేలికలున్న వాటిలో కాయలు ఆమెవి, నేను విచారించకుండా సంతకం పెట్టాను అన్నాను. మా వకీలు కాగితాల్లో తలదూర్చాడు.

తీర్పు ఆమె వైపే వచ్చింది, పరిహారమూ అందింది. అప్పటికి రెండేళ్లయింది. కౌలు చేను వేరొకరి చేతిలోకి వెళ్లిపోయింది. కాలు వచ్చేసరికి దిగడానికి చేను లేదు. కంపెనీ వైఖరికి విరుద్ధంగా ఎందుకు మాట్లాడారని నాకు మెమో ఇచ్చారు. ఇన్వెస్టిగేటరును ఎవరూ ఏమీ అడగలేదు. ఆ సంతకం ఎందుకు పెట్టావని నన్నూ ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత మిగిలిన కొద్ది నెలల సర్వీసులో గూడ్సు బండి ఫైలు ఏది వచ్చినా, సంతకానికి ముందు బాడుగ ఎవరిచ్చారని నేనే వెళ్లి అడిగాను. ఆ ప్రశ్నను దర్యాప్తు ఫారంలో చేర్చమని రెండుసార్లు రాశాను. చేర్చలేదు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నతనికి మొన్న ఫోను చేసి కనుక్కున్నాను, ఇంకా లేదట.