బెదిరించేవాడూ బతిమాలేవాడూ

మిట్టేమరి పక్కన మా చిన్నాయనకు నలభై టెంకాయ చెట్లు ఉండేవి. బయటివాళ్లకు చెప్పేటప్పుడు నేను నాలుగు వందలంటాను. అబద్ధమని ఎవరూ అనలేదు. ఎందుకంటే ఆ నలభై చెట్లే నాలుగు వందల మందికి అన్నం పెట్టేవి. ఎళనీళ్ల లేత బొండాలు టెంపో ఎక్కి బెంగళూరు పోయి, రోడ్డు పక్కన ఎండకు సొమ్మసిల్లినవాళ్లకు ప్రాణం పోసేవి. ముదురుకాయలు చింతామణి సంతకు, పీచు తాళ్లు పేనేవాళ్లకు, చిప్పలు ఇస్త్రీ పెట్టెల బొగ్గుకు, ఈనెలు చీపుర్లకు. బాగేపల్లి నుంచి చిక్కబళ్లాపురం దాకా ఎవరికి పెండ్లి జరిగినా, ఏ లారీకి కొత్త టైర్లు వేసినా మా చిన్నాయన కాయే పగలాలి. దేశం ఖజానా ఢిల్లీలో ఉంటుందని బడిలో చెప్పారు గానీ, అది మా చిన్నాయన చెట్ల నెత్తిన గెలలుగా వేలాడుతోందని చాలా ఏళ్లు నమ్మాను.

ఆ చెట్లతో మాకొక ఆచారం ఉండేది. కాపు తగ్గిన చెట్టు దగ్గరికి అమావాస్య మరునాడు పొద్దున్నే ఇద్దరు పోవాలి. ఒకడు గొడ్డలి ఎత్తి "నరికేస్తా" అని బెదిరించాలి. రెండోవాడు అడ్డం పడి, "వద్దప్పా, ఈ ఒక్క ఏడు వదిలిపెట్టు, కాస్తాది" అని బతిమాలాలి. చెట్టు భయపడి మరుసటేడు కాస్తుందని నమ్మకం. బెదిరించే వేషం ఎప్పుడూ నాదే. నా అరుపుకు చెట్టు సంగతేమో గానీ, పక్క చేలో దున్నుతున్న ఎద్దులు కాడి విడిపించుకుని చాకవేలు ఊరి దాకా పరిగెత్తేవి. బతిమాలే పని చిన్నాయనది. చిన్నమ్మ పసుపు గిన్నెతో వెనకాలే వచ్చి, బతికిపోయిన చెట్టుకు బొట్టు పెట్టేది.

రెండేళ్ల కిందట బోరు ఎండిపోయింది. కొత్తగా వేయించిన బోరు ఎంత లోతు పోయిందంటే, ఇంకొక్క రాడ్డు దించితే భూమికి అవతలి వైపు ఎవరి పెరట్లోనో తేలేది. పైకి వచ్చింది మాత్రం తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము మీసాల మీద పడి చిన్నాయనను ఒక్క గంటలో తొంభై ఏళ్లవాణ్ణి చేసింది. మరునాడు స్నానం చేశాక కూడా ఆ వయసు పూర్తిగా దిగలేదు. టెంకాయ చెట్లు కొట్టేసి మల్బరీ పెట్టుకోమని శిడ్లఘట్ట చుట్టాలు సలహా ఇచ్చారు. "దానికి మాత్రం ఏం పోసేది, ఉమ్మి నీళ్లా?" అన్నాడు చిన్నాయన.

ఈ ఎండాకాలానికి మట్టలు విరిగిన గొడుగు కమ్మీల్లా కిందికి వాలిపోయాయి. రాలిన పిందెలు కాళ్ల కింద గోలీల్లా దొర్లేవి. వారానికి ఒక్క ట్యాంకరు నీళ్లు దొరికేవి. నలభై పాదులకు పంచితే ఒక్కో చెట్టుకు నాలుక తడిసేటంత. అప్పుడు చిన్నాయన ఫోన్ చేశాడు.

"లేయ్, రేపు పొద్దున గొడ్డలి తీసుకొని రా. అన్ని చెట్లనూ బెదిరించాల."

"అన్నిట్నీనా? నా గొంతు పోతాది చిన్నాయనా."

"పోతే పోనీలే. ఊరంతా టెంకాయలు కొడతారు."

ఆయన ఆ మాత్రం వేళాకోళమాడి ఎన్నాళ్లయిందో. సంతోషంగా పోయాను. మొదటి చెట్టు ముందు తొడ కొట్టి, గొడ్డలి తిప్పి, ఆకాశం చిల్లు పడేటట్టు అరిచాను. "వద్దప్పా, ఈ ఒక్క ఏడు" అన్నాడు చిన్నాయన. చిన్నమ్మ బొట్టు పెట్టింది. రెండోదానికీ అంతే.

మూడో చెట్టు దగ్గర ఆయన నోరు తెరవలేదు. వినపడలేదేమోనని ఇంకో రెండు గంతులు వేసి మళ్లీ అరిచాను.

"ఏమయ్యా, నోట్లో వక్కాకు ఉండాదా? వదిలిపెట్టమని అడుగు" అంది చిన్నమ్మ.

ఆయన చెట్టు వైపు చూడలేదు. "ఇంగోదానికి పోదాం పా" అని ముందుకు నడిచాడు.

నాలుగోదానికి బతిమాలాడు. అయిదుకూ ఆరుకూ మౌనం. ఏడుకు మళ్లీ బతిమాలాడు. అప్పటికి నాకర్థమైంది. ఆయన నన్ను చెట్లను బెదిరించడానికి పిలవలేదు. ఏవి ఉండాలో, ఏవి పోవాలో తేల్చుకోవడానికి పిలిచాడు. ఒక్కడే నిలబడి తేల్చుకోవడం ఆయన వల్ల కాలేదు. అయినా నేను అరుస్తూనే ఉన్నాను, గొంతు మాత్రం చెట్టు చెట్టుకూ తగ్గింది.

తొమ్మిది చెట్లకు బొట్లు పడ్డాక మోటారు రూము పక్కనున్న చెట్టు దగ్గరికొచ్చాం. తోటలో అన్నిటికంటే ముందు నాటింది అదే. బోరు లేని రోజుల్లో చిన్నమ్మ చంకన బిందెతో నీళ్లు మోసి పెంచింది. నేను గొడ్డలి ఎత్తాను. చిన్నాయన పలకలేదు. చిన్నమ్మ పసుపులో వేలు ముంచి నిలబడే ఉంది.

"నువ్వు అడక్కపోతే నేనడుగుతా. వదిలిపెట్టు నాయనా" అంది నాతో.

"ట్యాంకరు తొమ్మిదింటికే చాలుతాది" అన్నాడు చిన్నాయన నేల చూస్తూ. "పదోదానికి పోస్తే పదీ పోతాయి. ఇది ముసల్ది. పడుచువాటికి పోస్తే ఇంకా ముప్పై ఏండ్లు కాస్తాయి."

"నేనూ ముసల్దాన్నే. నాకూ నీళ్లు నిలిపేస్తావా?"

చిన్నమ్మ వేలికున్న పసుపును గిన్నె అంచుకే తుడిచి ఇంటి దారి పట్టింది.

"చాలు చిన్నాయనా. తక్కినవాటిని కొట్టడానికొచ్చే మిషన్ రంపంవాళ్లే చూసుకుంటారు. నరికేస్తామని నేను చెప్పలేను" అన్నాను.

"చెప్పాల" అన్నాడు. "ఒక మాట చెప్పకుండా రంపం పెడితే తప్పురా. పెంచినోళ్లం గదా. ఒక్కోదానికీ పోయి చెప్పు. నేను ఇక్కడే కూచోనుంటా."

ఆయన గట్టు మీద కూర్చున్నాడు. నేను గొడ్డలి కిందికి దించుకుని ఒక్కణ్ణే బయలుదేరాను. మాను మీద చెయ్యి పెట్టి, పక్కన ఎవరైనా ఉన్నా వినపడనంత మెల్లగా "నరికేస్తాం" అన్నాను. అడ్డం పడేవాడి కోసం ఆగవలసినంత సేపు ఆగాను. తర్వాత పక్క చెట్టు దగ్గరికి పోయాను.