నల్ల ఆయిలూ, నా జడా

బెంగుళూరునుంచి వచ్చి నాలుగు దినాలైంది. తొమ్మిదిసార్లు శీకాయ రుద్దుకున్నా. అయినా నిన్న చర్చిలో నా వెనక కూర్చున్న ఆయమ్మ ముక్కు ఎగబీల్చి, "ఈడెక్కడో లారీ ఆగినట్టుందే!" అనింది. లారీ లేదు, గీరీ లేదు. అది నా జడ!

అప్పుడే నవ్వబాకండి. మొత్తం విన్నాక నవ్వండి.

మా ఆయన ఏసుదాసు మిలిట్రీలో లారీ తోలినాడు. యుద్ధం అయిపోయినాక వేలంలో ఒక మోటారు సైకిలు కొన్నాడు. మా ఊళ్ళో దాన్ని డుగుడుగు బండి అంటారు. తోటపల్లి గూడూరు పక్కన, సముద్రం హోరు వినబడే ఊరు మాది. ఉప్పుగాలికి ఆ బండి తుప్పు పడతా ఉంటుంది, ఈయన తుడస్తా ఉంటాడు. ముప్పై ఐదేళ్ళ కాపురంలో నా ముఖం వైపు అంతసేపు చూసింది లేదు.

ఈ చలికాలంలో ఆయనకు బెంగుళూరు మీదికి మనసు పోయింది. అక్కడ పాత మిలిట్రీ స్నేహితుడున్నాడంట, బండిమీద పోయి చూసొస్తాడంట. బెంగుళూరులోనే మా చెల్లెలు రూతమ్మ కాపురం. దాని ముఖం చూసి పదకొండేళ్ళు. పైగా అక్కడ పొద్దున్నే మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుందంట! చుట్ట లేకుండానే పొగ! ముగ్గురు మనవరాళ్ళు పుట్టినా నేను చూడని వింత అది.

"నేనూ వస్తా" అన్నా.

"పలమనేరు కనుమ ఎక్కాల మార్తా. ఇద్దరి బరువు. శనివారం సాయంత్రానికి బండిమీద నాకు నమ్మకం కుదిరితే ఎక్కు. రవ్వంత అనుమానమున్నా నేనొక్కణ్ణే పోతా. ఆదివారం బండిపని ముట్టను, సోమవారం తెల్లారి బయల్దేరాల. తెలిసిందా?"

తెలిసింది. ఇంక ఊరుకుంటానా? వెనకసీటుకు బూరుగుదూదితో దిండు కుట్టినా. చక్రం చువ్వల్ని చింతపండు పెట్టి బిందె తోమినట్టు తోమినా. చెల్లెలికని ఎండుచేపలు మూట కడితే, "బండికి బరువు, తియ్!" అన్నాడు. తీసినా. తీసి దిండులో పెట్టి కుట్టేసినా.

"అంతా బాగానే ఉంది గానీ, ఆ గాలికి నీ జుట్టు కొబ్బరిపీచు అయిపోద్ది, చూసుకో" అన్నాడు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కొంప ముంచింది ఇదే.

శనివారం పొద్దున మెకానిక్కు ఆర్ముగం వచ్చినాడు. తడ ఊరికి అవతల, అరవదేశం అంచు మనిషి. మాట సగం తెలుగు, సగం అరవం. మా ఆయన కొత్త ట్యూబు కోసం నెల్లూరు బస్సెక్కినాడు. ఆర్ముగం ఇంజను కింద బేసిన పెట్టి మర విప్పినాడు. నల్లగా, చిక్కగా, కాకి ఈకలాగా మెరిసే నూనె కారింది. అంతా కారినాక మర బిగించినాడు. చూస్తే గొలుసులో ఒక లంకె అరిగిపోయుంది. దాన్ని పట్టుకుని కొలిమికి బయల్దేరతా చెప్పినాడు:

"అయ్య వొస్తే చెప్పమ్మా. ఇంజన్లో నల్ల ఆయిలు పొయ్యాల. మరిచిపోబాకండి, నల్ల ఆయిలే పొయ్యాల!"

ముందు నాకైతే మరిచిపోతానని భయముండేది. ఇప్పుడేం భయం? రెండేళ్ళు పాస్టరమ్మగారి దగ్గర కూర్చుని అచ్చరాలు దిద్దినాను కదా! పలక తెచ్చి రాసినా: 'నల్ల ఆయిలు పొయ్యాల. నల్ల ఆయిలే.' రాసినాక ఒకసారి చదివినా. బాగుంది. ఇంకోసారి చదివినా. రాసిపెట్టిన మాటకు ఎంత బలమో చూడండి, చదివేకొద్దీ అది నాకే చెప్తున్నట్టు అనిపించింది. ఆయన వచ్చేదాకా ఎందుకు? పనైపోతే బండి తయారు, నేనూ తయారు!

నల్ల ఆయిలు ఏదీ? బేసిన్లో ఉండనే ఉంది. ఏ మూత తియ్యాలో రోజూ చూసేదాన్నే. కారిన నూనెనంతా ఒక్క చుక్క నేలపాలు కాకుండా మళ్ళీ ఇంజన్లో పోసేసినా.

తలెత్తి చూస్తే వసారాలో ఇంకో డబ్బా. గుడ్డలో చుట్టి ఉంది. పైన ఇంగిలీషు అచ్చరాలు, నాకొచ్చింది తెలుగే. మూత తీస్తే లోపల నూనె! తేనెరంగు, అద్దంలాగా తేట. నల్లదనం వెతికినా లేదు. అంటే ఇది బండిది కాదు. మరి ఎవరిది? నా చెయ్యి జడమీదికి పోయింది. కొబ్బరిపీచు అన్నాడే! అని ఊరుకోలేదు, నా జుట్టుకు నెల్లూరునుంచి నూనె తెచ్చి, ఇయ్యడానికి సిగ్గుపడి గుడ్డలో దాచినాడు! ఎంతైనా కట్టుకున్నవాడు!

వాసన కొంచెం తేడాగానే ఉండింది. దొరసానుల నూనెలు ఇట్లనే ఉంటాయేమోలే అనుకున్నా.

ఇంత సంతోషం ఒక్కదాన్నే పెట్టుకోలేక పక్కింటి కాదర్‌బీని పిలిచినా.

"చూడు కాదర్‌బీ, మా ఆయన తెచ్చినాడు."

"అల్లా! మీ ఆయనా? నీకా?"

"మరి బండికా?"

ఆ మాట అన్నది నేనే. ఈ నోటితోనే!

ఇద్దరం గుమ్మంలో కూర్చుని ఒకరి తలకొకరం కుదుళ్ళకు ఇంకేదాకా మర్దనా చేసుకున్నాం. మిగిలింది జాడీలో పోసి, గుప్పెడు మెంతులు, పది మందారపూలు వేసి ఎండలో పెట్టినా.

మధ్యాహ్నం ఆర్ముగం, మా ఆయన ఒకేసారి వచ్చినారు. ఆర్ముగం మూత తీసి నూనె కొలిచే కడ్డీ ముంచినాడు. బయటికి తీసి నావైపు చూసినాడు.

"ఏందమ్మా ఇది? తీసిందే మళ్ళీ పోసినారే!"

"నువ్వేగా నల్ల ఆయిలు అన్నావు?"

"అవునమ్మా! నల్ల ఆయిలు! మంచి ఆయిలు!"

"మంచిదాన్ని ఎవరైనా నల్లది అంటారా?"

"మా అరవంలో మంచిదాన్ని నల్ల అనే అంటారమ్మా. నల్ల బియ్యం, నల్ల మనిషి, నల్ల అమ్మ..." నన్ను చూపించినాడు. పొగడతన్నాడో తిడతన్నాడో ఇప్పటికీ తెలీదు.

మా ఆయన పలక తీసుకుని చదివినాడు. "అచ్చరం తప్పు లేదు" అన్నాడు. తర్వాత వసారా చూసినాడు. "కొత్త డబ్బా ఏదీ?"

నేను జాడీ చూపించినా. ఆయన మందారపూలు చూసినాడు. మెంతులు చూసినాడు. ఆఖరికి నా తల చూసినాడు. గోడ అవతల కాదర్‌బీ ముసుగు నుదుటిదాకా లాక్కుని మాయమైపోయింది.

నెల్లూరికి పోయే బస్సు దాటిపోయింది. రేపు ఆదివారం. ఎల్లుండి తెల్లారి ప్రయాణం. "అయిపోయింది" అన్నాడు. "నువ్వు ఇంట్లోనే ఉండు."

ఆర్ముగం జాడీలో వేలు ముంచి చూసినాడు. "వడగడితే పోద్ది అయ్యా. నీళ్ళు తగల్లేదు." మా ఆయన ఉతికిన పంచె నాలుగు మడతలేసి, ఒక చివర ఆర్ముగం, ఒక చివర నేను పట్టుకున్నాం. ఇంజన్లో నల్లది మళ్ళీ దింపి, వడకట్టింది పోసినారు. కడ్డీ ముంచి ఆర్ముగం అన్నాడు, "రెండు తలలంత తక్కువుందయ్యా. అయినా నడుస్తాది."

"విన్నావా?" అన్నాడు మా ఆయన. "తక్కువుందంట. అనుమానం. నేనొక్కణ్ణే పోతా."

పదకొండేళ్ళు కళ్ళముందు తిరిగినాయి. ఏడుపొచ్చింది. ఏడుపుతో పాటే మాటా వచ్చింది.

"ఆ తక్కువైంది యాడుంది? నా తలమీదే కదా! నన్ను వదిలిపెట్టి పోతే బండి నూనె ఇంట్లో మిగిలిపోద్ది. కనుమలో బండి ఆగితే ఏం పిండుకుంటావు?"

ఆర్ముగం గబుక్కున అటు తిరిగినాడు, భుజాలు ఊగుతా ఉన్నాయి. మా ఆయన ఎంత బిగబట్టినా మీసం కింద నవ్వు ఆగలేదు.

"ఎక్కు" అన్నాడు. "నువ్వు స్పేర్ డబ్బావి."

సోమవారం తెల్లారి బయల్దేరినాం. బండి మెంతుల వాసన కొడతా, నేను ఇంజను వాసన కొడతా. దిండులో ఎండుచేపల సంగతి కుక్కలకు తెలిసిపోయింది. చిత్తూరు దాకా ప్రతి ఊరి కుక్కా మమ్మల్ని పొలిమేర దాటించి పోయింది. "ఈ కుక్కలకు నా బండంటే ఎందుకింత కోపం?" అంటాడు ఆయన. "కొత్తబండి అనుకుంటున్నాయిలే" అన్నా.

ఆగకుండా కనుమ ఎక్కింది, నా బంగారు బండి!

మర్నాడు పొద్దున్నే, మంచులో, రూతమ్మ తలుపు తీసింది. "రూతూ!" అన్నా. నిజమే, నోట్లోంచి పొగ! తెల్లగా, మెత్తగా! అది పరిగెత్తుకొచ్చి నన్ను కావిలించుకుని, నా తలలో ముఖం పెట్టి ఏడ్చింది. ఏడస్తా ఏడస్తా ఆగింది. వాసన చూసింది. వెనక్కి జరిగి నన్ను ఎగాదిగా చూసింది.

"అక్కా, ఈ పొగ నీ నోట్లోంచి వస్తాందా, నెత్తిలోంచా?"

ఎందుకైనా మంచిదని నోరు మూసుకుని చూసినా!