పోపు లేని పులుసు

న్యూజిలాండ్‌లోని పామర్‌స్టన్ నార్త్‌లో నాతో ఒకే ఫ్లాట్‌లో ఉన్న ఫిలిప్పీన్స్ ఆవిడను నేను ఆతె అని పిలిచేదాన్ని. వాళ్ళ భాషలో అక్క అని. నన్ను చెల్లీ అనడం ఆమెకు నేనే నేర్పాను. ఇద్దరం ఒకే రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే పని చేసేవాళ్ళం. ఆమె ఏది వండినా నేను నా దారికి తెచ్చుకునేదాన్ని. వెనిగర్, సోయా సాస్‌తో చేసే అడోబో కోడికూరలో పచ్చిమిర్చి, కరివేపాకు పడేసేదాన్ని. నూడుల్స్ మీద కారప్పొడి చల్లి, ఇప్పుడు తినేట్టుంది అని పైగా ఒక మాట అనేదాన్ని. ఆమె నవ్వి ఊరుకునేది. ఆ నవ్వు మెచ్చుకోలనుకున్నాను. నా తెలివి అలా తెల్లారింది.

పోయిన చలికాలం ఆతెకు కడుపులో కాన్సర్ అని తేలింది. కీమో మొదలయ్యాక ఏం నోట్లో పెట్టుకున్నా, ఆఖరికి మంచినీళ్ళయినా, ఇనుము నాకినట్టుందనేది. పోనుపోను మింగడమే కష్టమవుతుందని డాక్టర్ ముందే చెప్పాడు. ఒక మధ్యాహ్నం, మింగగలిగినప్పుడే ఒక్కసారి వాళ్ళమ్మ చేసే సినిగాంగ్ అనే పుల్లటి పులుసు తినాలని ఉందంది. అంత పులుపైతే నాలుకకు తెలుస్తుందేమోనని ఆమె ఆశ.

ఏమేం వెయ్యాలో తనే చెప్పింది. పంది పక్కటెముకలు, చింతపండు, చేమదుంప, ముల్లంగి, టమాటా, తూటికూర, కాస్త చేపల సాస్. ఇది మా పులుసే కదా అనుకున్నాను. తూటికూర దొరక్క పాలకూర వేశాను. దించబోయే ముందు నా చెయ్యి ఊరుకోలేదు. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, వెల్లుల్లితో పోపు పెట్టి, చిన్న బెల్లం ముక్క కూడా వేశాను. ఇల్లంతా మా గుంటూరు వంటింటి వాసన కమ్మింది.

ఆతె ఒక్క చెంచా తాగి గిన్నె పక్కన పెట్టింది.

"ఇది నీ పులుసు చెల్లీ. నేనడిగింది మా అమ్మది."

నాకు ఒళ్ళు మండింది. మార్నింగ్ షిఫ్ట్ దిగి, యూనిఫాం కూడా విప్పకుండా రెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డాను మరి. గదిలోకి పోయి గుంటూరులో ఉన్న మా అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పుకున్నాను.

"పోపెయ్యకపోతే అది పులుసెట్టా అవుద్దే?" అంది అమ్మ.

నాకు కావలసింది ఆ మాటే. మూడు వారాలు మళ్ళీ సినిగాంగ్ ఊసెత్తలేదు. ఆతె కూడా అడగలేదు. వేళకు మందులిచ్చాను, దుప్పట్లు మార్చాను, జావ కాచిపోశాను. అదొక్కటే చెయ్యలేదు. మంచం పట్టిన మనిషి మీద పంతానికి పోయాను. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఆతె గంజి మింగలేక తువ్వాలులోకి ఉమ్ముకుంటోంది. అప్పుడు భయమేసింది. వెంటనే కారు తీసి, ఊళ్ళో ఉన్న ఆసియన్ కొట్లన్నీ తిరిగి తూటికూర పట్టుకొచ్చాను. ఈసారి నూనె చుక్క తగలనివ్వలేదు. పోపుల డబ్బా అల్మరాలోంచి తియ్యనే లేదు. పులుసు తేటగా, పళ్ళు జివ్వుమనేంత పుల్లగా వచ్చింది.

చెంచాతో పోస్తే పొలమారింది. ఇక రెస్ట్‌హోమ్‌లో చివరి రోజుల్లో ఉన్నవాళ్ళకు నోరు తడిపే చిన్న స్పాంజి పుల్లను ఆ పులుసులో ముంచి, నాలుక మీద అద్దాను. ఆమె కళ్ళు మూసుకుంది. మీ అమ్మ చేసినట్టుందా అని అడిగాను.

"చాలా బాగుంది చెల్లీ. థాంక్యూ."

ఆ గొంతు నాకు తెలుసు. ముసలమ్మ ఎవరైనా వణికే చేతులతో చక్కెర బదులు ఉప్పు కలిపిన టీ ఇస్తే, ఒక గుక్క తాగి బాగుందంటూ మేమిద్దరం మాట్లాడే గొంతు అది. పనిలో చేరిన కొత్తలో అలా మాట్లాడటం నాకు ఆతే నేర్పింది. ఆమె నాలుకకు ఏమీ తెలియలేదు. మూడు వారాల కిందట నన్ను సొంత చెల్లెలనుకుని నిజం చెప్పింది. నా పంతం చూశాక, ఇక చెప్పదలచుకోలేదు.