ఫ్యాన్ ఆపి ఆకాశాన్ని విన్న మా బాపు

నా సెలవు అయిపోవస్తోంది. ఆర్నెల్ల నా కొడుకు రిత్విక్‌ను బాపు దగ్గర వదిలి, పాఠాలు చెప్పడానికి కాలేజీకి వెళ్లగలనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. అమ్మ పోయాక మా బాపు చంద్రమౌళి జనగామలో మా దగ్గరే ఉంటున్నాడు. మనవడంటే ప్రాణం. కానీ భూపాలపల్లి బొగ్గుగనిలో డ్రిల్లింగ్ మిషన్ల మధ్య బతికిన మనిషి. ఇప్పుడు గట్టిగా అరిస్తే తప్ప వినిపించదు. నేను లేనప్పుడు పిల్లవాడు ఏడిస్తే?

ఒకప్పుడు ఆ చెవుల కోసం ఇల్లంతా నిశ్శబ్దమయ్యేది. నేను ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసే రోజుల్లో, గనివాళ్లిచ్చిన క్వార్టర్‌లోని పాత కంప్యూటర్‌ను వేరే లోకాల జీవులను వెతికే పనికి అప్పగించాను. ఎక్కడో రేడియో టెలిస్కోప్ పట్టిన తరంగాలు ముక్కలు ముక్కలుగా నెట్‌లో వచ్చేవి. నేను వాడనప్పుడు కంప్యూటర్ వాటిని జల్లెడ పట్టేది. తెర మీద రంగురంగుల గీతలు లేచి పడేవి.

డ్యూటీ దిగిన బాపు చాయ్ గ్లాసుతో దాని ముందు కూర్చుని, మొదట ఫ్యాన్ ఆపేవాడు. గనిలో పైకప్పు గట్టిగా ఉందో లేదో ఇనుప కడ్డీతో తట్టి చూసేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఇదీ అలాంటి పనే అనుకున్నాడు.

“పైనోళ్లు పలికేదాక మేం చెమటల తానం చేయాల్నా?” అనేది అమ్మ.

“జరసేపు ఆగు. ఫ్యాన్ సప్పుడుల ఆళ్ల మాట పోతె ఎట్ల?”

పక్క క్వార్టర్ అమీర్ అలీ చాచా గుమ్మంలోంచి తొంగిచూసేవాడు. “ఏందన్నా, ఆళ్లు తెలుగుల మాట్లాడ్తరా, ఉర్దూలనా?”

“ఉర్దూల అయితె నిన్నే పిలుస్త. అప్పటిదాక నోరు మూస్కో.”

కంప్యూటర్‌కు చెవులు లేవని, ఆ తరంగాలు ఎప్పుడో నమోదైనవని వివరంగా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. మర్నాడూ ఫ్యాన్ ఆపాడు.

కొన్నేళ్లకు ఆ పని నడిపే శాస్త్రవేత్తలు ముక్కలు పంపడం మానేశారు. ఎవరూ పలకలేదని చెబితే, “ఇంకెవలన్న ఇంటున్నరా బిడ్డా?” అని అడిగాడు. వేరేచోట్ల వింటున్నారని నేను చెప్పాకే చాయ్ గ్లాసు అందుకున్నాడు.

నిన్న మధ్యాహ్నం, ఏం జరుగుతుందో చూద్దామని బాపుకు చెప్పకుండా వంటింట్లో నిలబడ్డాను. చీర ఊయలలో రిత్విక్. పక్కన చాప మీద గోడకు ఆనుకుని, కళ్లు మూసుకుని బాపు. పిల్లవాడు కాళ్లు తన్నాడు. ఏడుపు ఇంకా మొదలే కాలేదు, బాపు లేచి ఊయలలోకి వంగాడు. దగ్గరికి వెళ్లి చూస్తే, ఊయలకు కట్టిన తాడు కొస ఆయన ముంజేతికి చుట్టి ఉంది.

“ఎప్పటిసంది గిట్ల?” అరిచినట్టే అడిగాను.

“నువ్వు నన్ను జూసి పరేషాన్ అవుడు షురువైనకాడికెల్లి,” అన్నాడు, మనవణ్ని భుజాన వేసుకుంటూ. “పాలడబ్బ యాడున్నదో అది జెప్పు.”

డబ్బా తెచ్చి, పాలు ఎలా కలపాలో చూపించాను.