బల్ల మీద నా కుదురు

1983 జూలై 14, గురువారం, పొద్దున్న పావు తక్కువ పదకొండు. ఇది జరిగిన రోజూ గంటా ఇవే. అప్పటికి నాకు అక్షరం రాదు, గడియారం చూడటమూ రాదు. రాసిపెట్టింది వేరే మనిషి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

దెయ్యాలనీ గాలీ ధూళీ అనీ నేనెప్పుడూ నమ్మలేదు. మాది భీమునిపట్నంలో చేపలు పట్టేవాళ్ల పేట. సముద్రం ఒడ్డుకు విసిరేసిన శవాలను చిన్నప్పటి నుంచి చూశాను. అందులో ఒక్కడు కూడా లేచి వచ్చి ఎవరినీ పట్టుకోలేదు.

నాకు క్షయ వచ్చింది. ఏడాది పైన వైద్యం. ఆదివారం తప్ప రోజూ బస్సెక్కి విశాఖపట్నం పోవాలి. మొదట సూదులు, తర్వాత ఎదురుగా నిలబెట్టి మాత్రలు మింగించేవారు. ఆస్పత్రి పేరు రాయను. వాళ్లు నన్ను బతికించారు, వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

అక్కడ వరండాలో ఒక పొడుగు బల్ల ఉండేది. జబ్బు మనుషులం, గంటలకొద్దీ వరసలో ఎక్కడ కూర్చుంటాం? వచ్చిన వరసలో ఎవరి వస్తువు వాళ్లం బల్ల మీద పెట్టేసి చెట్టు నీడకి పోయేవాళ్లం. ఒకరిది చెప్పు, ఒకరిది సంచి. నాది కుదురు. అంటే గంప కింద తల మీద పెట్టుకునే గుడ్డ చుట్ట. గంప మా తోడికోడలు పోలమ్మకి అప్పగించాను గానీ, కుదురు మాత్రం అలవాటు చొప్పున చేత పట్టుకునే తిరిగేదాన్ని.

కాంపౌండరు పేర్లు పిలవడు. "చెప్పు ఎవరిది? సంచి ఎవరిది?" అని అరుస్తాడు. "నాది బాబూ" అని లేచి వెళ్లాలి. అదే పద్ధతి.

మే నెలాఖరున డాక్టరు నా కార్డు మీద ముద్ర కొట్టి, ఇక రానక్కర్లేదన్నాడు. ఆ సంతోషంలో కుదురు బల్ల మీదే మర్చిపోయి బస్సెక్కేశాను. గుడ్డపీలికే కదా అని మళ్లీ వెళ్లలేదు.

సీతమ్మధారలో నేను తిరిగే వీధులు మా అత్త తిరిగిన వీధులు. ఏడాదిగా పోలమ్మ తిరిగింది. జూన్ ఒకటి నుంచి మళ్లీ నేను గంపెత్తాను. ఆ రోజే, ఎప్పటి నుంచో మా దగ్గర చేపలు కొనే రత్నమ్మ గారి గుమ్మంలో చేప కోస్తుంటే రెండు చేతులూ దురద. చూస్తుండగానే మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లు లేచాయి. గంటలో పోయాయి. మర్నాడు మళ్లీ అదే వేళకి. ఆ మర్నాడూ అంతే.

డాక్టరుకి చూపిద్దామని పోతే, చేరేసరికి చేతులు శుభ్రంగా ఉండేవి. మందు ఒంట్లో ఇంకా ఉంటుంది, మెల్లగా పోతుంది అన్నాడు. పూసుకోడానికి తెల్లటి మందు ఇచ్చాడు. పూశాను. ఏమీ లాభం లేదు.

చేపలమ్మేదాని చేతులు అలా ఉంటే ఎవరు కొంటారు? ఒకావిడ కుష్టేమో అంది, నా ముందే. ఒక్కో ఇల్లూ తలుపు వేసుకోవడం మొదలైంది. పోలమ్మ అననే అంది: "అక్కా, నువ్వు ఇంటికాడ కూకో. ఈదులు నాను సూసుకుంతాను." మంచికే అందేమో. నాకు మాత్రం ఒళ్లు మండింది. చావు తప్పించుకుని వచ్చింది ఇంట్లో కూర్చోడానికా?

రత్నమ్మ గారొక్కరే మానలేదు. ఆవిడ భర్త రైల్వేలో గుమాస్తా. ఆవిడకి అన్నీ రాసిపెట్టే అలవాటు. నా చేతులు ఎర్రబడగానే గోడ గడియారం చూసి, క్యాలెండరు మీద పెన్సిలుతో గీత పెట్టేది. నెల తిరిగేసరికి ఆవిడే పట్టుకుంది.

"ఇదేంటే నూకాలూ, ఆదివారం ఒక్క గీతా లేదు! నీ దద్దుర్లు గవర్నమెంటు ఉద్యోగం చేస్తున్నాయా?"

నవ్వాను. ఆవిడా నవ్వింది. ఆదివారాలు కాక ఇంకో నాలుగు రోజులు కూడా ఖాళీగా ఉన్నాయి. అవెందుకో ఇద్దరికీ తెలియలేదు.

దద్దు లేచిన నిమిషంలోనే చూపించమని డాక్టరు అన్నాడు గనక, ఆ గురువారం చేపలకి పోకుండా పోలమ్మని తోడు తీసుకుని తిన్నగా ఆస్పత్రికే వెళ్లాను. వరండా మెట్టు ఎక్కుతూ బల్ల వైపు చూశాను. నాలుగో చోట నా కుదురు ఉంది.

అప్పుడే కాంపౌండరు బయటికొచ్చాడు. చెప్పు అయింది, సంచి అయింది, కర్ర అయింది.

"కుదురు ఎవరిది?"

నా చేతులు భగ్గుమన్నాయి. పోలమ్మ "అక్కా!" అని నా మణికట్టు పట్టుకుంది. ఆవిడ వేళ్ల కిందే దద్దుర్లు లేచాయి. చెట్టు కింద నుంచి ఒక గొంతు వచ్చింది.

"నూకాలుది బాబూ. ఉన్నాది. వత్తాది."

కాంపౌండరు విసుక్కుని తర్వాతి వస్తువు పిలిచాడు. రోజూ ఇంతే కాబోలు.

ఆ గొంతు మరియమ్మది. కూర్మన్నపాలెం మనిషి, నాకన్నా పెద్దది. ఏడాదిగా బల్ల మీద ఆవిడ సంచి పక్కనే నా కుదురు. దగ్గరికి పోయి, "ఇదేటప్పా, ఏటి సేత్తన్నావ్?" అని అడిగాను.

నన్ను చూసి ఏడ్చింది. "మా సెల్లికీ నయమైపోనాదన్నారే. బల్ల మీద దాని సోటు ఖాళీ అయిపోనాది. నెలకే పోనాది. నీ సోటూ ఖాళీగా అవుపడితే నాకు బెంగ. అందుకే రోజూ నీ కుదురు తెచ్చి పెడతన్నాను. సాయంత్రం ఇంటికి పట్టుకెల్తన్నాను."

నా చేతులు చూపించాను. వేళ్లతో తడిమి చూసింది. తర్వాత లేచి, బల్ల మీది కుదురు తీసి తనే నా తల మీద పెట్టింది. "పట్టుకెల్లిపో. కానీ వారానికోసారి అవుపడు, నువ్వు బతికే ఉన్నావని నాకు తెలాలి" అంది.

మర్నాడు దద్దుర్లు రాలేదు. రత్నమ్మ గారు జరిగింది విని, ఆ తేదీనీ రోజూ దద్దుర్లు లేచే గంటనూ జూన్ క్యాలెండరు కాగితం అంచున రాసి నాకిచ్చింది. ఈ రోజు వరకూ రాలేదు. వీధులు నాకు దక్కాయి. మరియమ్మ వైద్యం అయ్యేదాకా ప్రతి శుక్రవారం ఆవిడకి కనబడి వచ్చాను. ఆవిడకీ నయమైంది. ఆఖరి రోజున తన కార్డు నా చేతిలో పెట్టింది. దాన్ని రత్నమ్మ గారిచ్చిన కాగితంతో పాటు దాచాను.

అరవై దాటాక మా పేట రాత్రిబడిలో అక్షరాలూ అంకెలూ నేర్చుకున్నాను. మొదట నా పేరు రాశాను. తర్వాత రత్నమ్మ గారిచ్చిన క్యాలెండరు కాగితం, మరియమ్మ కార్డు పక్కపక్కన పెట్టాను. కార్డులో ఆ జూన్ నెలలో, ఆదివారాలు కాక, మరియమ్మ ఆస్పత్రికి రాని రోజులు నాలుగు. ఆవిడ అప్పట్లో చెప్పినదాన్ని బట్టి మనవడి బాప్తిస్మం రోజు ఒకటి, మిగతావి జ్వరం. కాగితంలోనూ ఆదివారాలు తీసేస్తే నాకు దద్దుర్లు రాని రోజులు నాలుగు. అవే నాలుగు తేదీలు.

మందు ఒంట్లో ఉండిపోయిందన్నది నిజమే కావచ్చు. కానీ నేను భీమునిపట్నంలోనో సీతమ్మధారలోనో ఉంటే, మరియమ్మకి జ్వరమొచ్చిందని నా ఒంట్లో మందుకి ఎవరు చెప్పారు? నాకు తెలియదు. దెయ్యం అనడానికి అక్కడ చచ్చినవాళ్లెవరూ లేరు. అందరం బతికున్నవాళ్లమే.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లు: కాంపౌండరు సూర్యారావు. చెప్పు పెట్టిన అప్పన్న. సంచులు పెట్టిన రాములమ్మ, మరియమ్మ. కర్ర పెట్టిన ముసలాయన, పేరు తెలియదు. నా చెయ్యి పట్టుకున్న పోలమ్మ. నేను, నూకాలమ్మ. కుదురు ఎవరిదని అడిగినప్పుడు నేను అక్కడే నిలబడి ఉన్నాను. నాది అన్న మాట మాత్రం నా నోటికి రాలేదు.